శంకుస్థాపన వద్దు, మనుషుల్నివ్వండి

జమ్మలమడుగు ప్రాంతానికి శంకుస్థాపనలు కొత్త కాదు. ఉక్కు కర్మాగారం పేరిట 2007లో ఒకటి, 2018లో ఒకటి, 2019లో ఇంకొకటి, 2023లో మరొకటి జరిగాయి. పులివెందులలో కోట్లు పోసి కట్టిన పశు పరిశోధన కేంద్రం ఏళ్ల తరబడి ఖాళీగా ఉండటమూ జనం చూశారు. అందుకే కడప జిల్లాలో పరిశోధన కోసం మేం కొత్త భవనం అడగడం లేదు. ఉన్న పరికరాలు, కంప్యూటర్లు అందరికీ అక్కరకొచ్చేలా ఒక ఉమ్మడి కేంద్రం కావాలి. దాన్ని నడిపే శాశ్వత సాంకేతిక సిబ్బందిని అంతకంటే ముందు నియమించాలి.

ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల, పులివెందులలో 2006లో మొదలై ఇప్పుడు జేఎన్‌టీయూ అనంతపురం కింద ఉన్న కళాశాల, ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. మూడూ మూడు వేర్వేరు విశ్వవిద్యాలయాలవి. ఎవరి టెండరు వారిది, ఎవరి స్టాక్ రిజిస్టరు వారిది.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేసిన ఎవరినడిగినా ఒకటే కథ చెబుతారు. గ్రాంటు రాగానే యంత్రం కొంటారు. వారంటీ తీరాక ఏఎంసీకి, అంటే ఏటేటా నిర్వహణ ఒప్పందానికి, డబ్బుండదు. యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోతాయి, ఏసీ మొరాయిస్తుంది, యంత్రం మీద గుడ్డ కప్పేస్తారు. దాన్ని నడపడం నేర్చుకున్న పీహెచ్‌డీ పిల్లవాడు పట్టా తీసుకుని వెళ్లిపోతాడు. సర్వర్‌దీ అదే గతి: సాఫ్ట్‌వేర్ ఎక్కించేది, పాస్‌వర్డ్ మరిచిపోతే మార్చేది, ఎవరి జాబ్ ముందో ఎవరిది వెనకో తేల్చేది క్లాసులు చెప్పుకోవాల్సిన అధ్యాపకుడే. తర్వాతి విద్యార్థి శాంపిల్ పొట్లం కట్టి చెన్నైకో హైదరాబాద్‌కో పంపి, సొంత డబ్బు కట్టి, వారాల తరబడి ఎదురుచూస్తాడు.

ఇది పీహెచ్‌డీల గొడవ మాత్రమే కాదు. తుమ్మలపల్లె యురేనియం శుద్ధి కర్మాగారం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ బోరు నీళ్లు చెడిపోయాయని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. తమ వల్ల కాదని కర్మాగారం అంటోంది. ఆ నీళ్లను నెలనెలా పరీక్షించి, లెక్కలు భద్రపరచి, ఎవరడిగినా చూపించగల ప్రయోగశాల అక్కడికి దగ్గర్లో, రెండు పక్షాలకూ చెందని చేతుల్లో ఉండాలా వద్దా? యర్రగుంట్ల సిమెంటు, ముద్దనూరు థర్మల్ బూడిద, చీనీ తోటల తెగుళ్లు కూడా ఇక్కడే తేలాల్సిన విషయాలు.

కేంద్ర ప్రభుత్వం 2015లో రూ.4,500 కోట్లతో జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ మొదలుపెట్టింది. దేశంలోని పరిశోధన పరికరాల వివరాలు ఒకచోట చూపించే ఐ-స్టెమ్ పోర్టల్ 2020లో వచ్చింది. కానీ పోర్టల్‌లో పేరెక్కినంత మాత్రాన యంత్రం తిరగదు. దాని పక్కన కూర్చునే మనిషికి జీతమివ్వాల్సింది రాష్ట్రమే.

ఈ ఉమ్మడి కేంద్రం కోసం ఆ మూడు విశ్వవిద్యాలయాల వైస్ చాన్సలర్లు ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాలి. పరికరాలు ప్రొద్దుటూరులో, కంప్యూటర్ క్లస్టర్ పులివెందులలో ఉంచవచ్చు. నెట్ ఉంటే క్లస్టర్ ఏ ఊళ్లో ఉన్నా ఒకటే కాబట్టి మా ఊరికి కావాలని నాయకులు పేచీ పడాల్సిన పని లేదు. ఇద్దరు సిస్టమ్ ఇంజనీర్లు, నలుగురు పరికరాల నిపుణులతో మొదలుపెట్టవచ్చు. అవి కాంట్రాక్టు ఉద్యోగాలు కాకూడదు. ఏఎంసీకి విడిగా పద్దు రాయనిదే కొత్త యంత్రం కొనుగోలుకు ఆర్థిక శాఖ అనుమతి ఇవ్వకూడదు. జమ్మలమడుగు డిగ్రీ విద్యార్థి కూడా అదే వరుసలో పేరు రాయించుకుని నామమాత్రపు రుసుముతో వాడుకోవాలి, సిమెంటు కంపెనీలు పూర్తి ధర కట్టాలి. బయటివాళ్లు ముట్టుకుంటే యంత్రాలు పాడవుతాయని కొన్ని విభాగాలు అడ్డుపడతాయి. వాడకుండా పాడైన వాటి జాబితా ముందు వాళ్లనే ఇవ్వమనండి.