పాటియో కడిగితే సరిపోదు, నీళ్లు ఒంపాలి

ఉగాది వెళ్లిందంటే అమెరికాలో మన ఇళ్ల పాటియోలకు కళ వస్తుంది. చలికాలమంతా ఇంట్లో దాచిన తులసి, కరివేపాకు కుండీలు బయటికొస్తాయి. ప్రెషర్ వాషర్‌తో నాచు వదలగొడతాం, కుర్చీలు తుడుస్తాం, గ్రిల్ సిద్ధం చేస్తాం. బాగానే ఉంది. మరి కుండీల కింది పళ్లేల్లో, గ్రిల్ కవర్ మడతల్లో, ఆకులు పేరుకున్న గట్టర్లలో నిలిచిన నీళ్ల సంగతేంటి?

'అమెరికాలో దోమలేంటండీ' అనేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. దోమల ద్వారా సోకే వెస్ట్ నైల్ వైరస్ ఇక్కడ 1999లో న్యూయార్క్‌లో బయటపడింది. కొన్నేళ్లలోనే దేశమంతా పాకింది. ఒక్క 2012లోనే 286 మందిని బలి తీసుకుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ ప్రాంతంలో ఆ ఏడాది విమానాలతో మందు చల్లాల్సి వచ్చింది.

ఇది సోకిన 10 మందిలో 8 మందికి ఏ లక్షణమూ కనిపించదు. మెదడుకు పాకితే మాత్రం ప్రాణం మీదికే వస్తుంది. 60 దాటినవారికి ముప్పు ఎక్కువ. మనుషులకు టీకా లేదు. వేసవిలో ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు సాయంత్రం చల్లగాలికి కూర్చునేది ఆ పాటియోలోనే. ఈ దోమలు ఎక్కువగా కుట్టేదీ పొద్దు వాలాకే.

నిలవ నీటిలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే ఏడాదికోసారి కడిగి ఊరుకోకుండా, వారానికోసారి నీళ్లు ఒంపేయాలి. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. అద్దె ఇల్లయితే గట్టర్లు శుభ్రం చేయించమని ఓనర్‌ని గట్టిగా అడగండి. అమ్మానాన్నలకు టికెట్లు కొనేవాళ్లు ఈ పని కూడా లిస్టులో రాసుకుంటే మంచిది.