గన్నవరం నుంచి అమెరికా: మ్యాప్‌లో దూరం ఒకటి, టికెట్‌లో టైం ఇంకొకటి.. ఎందుకిలా?

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో కూర్చుని అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు టికెట్ వెతుకుతున్నారా? హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దూరం ఎంతని ఫోన్‌లో అడిగితే సుమారు 13,500 కిలోమీటర్లు అంటుంది. విమానం గంటకు 900 కి.మీ. వెళ్తుంది కదా, 15 గంటల్లో దిగిపోతాం అనుకుంటారు. టికెట్ యాప్ తెరిస్తే 24 గంటలనో 28 గంటలనో కనిపిస్తుంది. రెండు లెక్కలూ కరెక్టే.

13,500 అనేది గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగితే వచ్చే దూరం. విమానం ఆ దారం వెంట వెళ్లదు. దుబాయ్‌లో మారితే అక్కడికి 2,550, అక్కడి నుంచి మరో 13,000 కి.మీ. అంటే దారిలోనే 2,000 కి.మీ. అదనం. నిరీక్షణ వేరే.

దారి ఎక్కువైతే టైం కూడా ఎక్కువేనా అంటే, అదీ కాదు. 10 కి.మీ. ఎత్తున గాలులు పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తాయి. 2016 అక్టోబరులో ఎయిరిండియా తన దిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపు మళ్లించింది. దారి దాదాపు 1,400 కి.మీ. పెరిగింది, ప్రయాణం మాత్రం రెండు గంటల దాకా తగ్గింది! (కొల్లేరుకు వలస వచ్చే పక్షులకు ఈ గాలి లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.) ఆకాశం మూతపడితే కథ తిరగబడుతుంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక, దిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని సర్వీసులు చుట్టూ తిరిగి, ఇంధనం కోసం యూరప్‌లో ఆగాల్సి వచ్చింది.

తేదీలతోనూ జాగ్రత్త. 2021లో అందరూ మహిళా పైలట్లే నడిపిన విమానం జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎగిరి 11 తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. వారిలో మన పాపగారి తన్మయి కూడా ఉన్నారు. క్యాలెండర్ చూస్తే రెండు రోజులు, గాల్లో ఉన్నది 17 గంటలే. టైం జోన్ల తేడా అది. ఎయిర్‌పోర్టుకు రమ్మని అబ్బాయికి చెప్పేటప్పుడు అక్కడి తేదీ, అక్కడి టైమే చెప్పండి.

అసలు డబ్బు పోయేది మాత్రం మొదటి 265 కిలోమీటర్ల దగ్గర. గన్నవరం-హైదరాబాద్ విమానం గాల్లో ఉండేది ముప్పావు గంటే. చవకని దాన్ని విడిగా కొంటే, అది ఆలస్యమై హైదరాబాద్‌లో పెద్ద విమానం తప్పిపోయినప్పుడు రెండో సంస్థకు బాధ్యత ఉండదు. లగేజీ తీసుకుని మళ్లీ చెకిన్ చేయాల్సిందీ మీరే. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్‌పై ఉంటే వేరే విమానం చూపించాల్సిన పని ఎయిర్‌లైన్‌ది. వెయ్యో రెండు వేలో ఎక్కువైనా అదే మేలు.

గూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది కదా, అక్కడే ఎయిర్‌పోర్టు వస్తే? ఇంటి నుంచి గన్నవరం దాకా కారులో పోయే గంటన్నర మిగులుతుంది. దుబాయ్‌లోనో దోహాలోనో ఆరేడు గంటల నిరీక్షణ మాత్రం అలాగే ఉంటుంది. అది తగ్గాలంటే దగ్గరి ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా విదేశీ సర్వీసు ఉండాలి. 2018 డిసెంబరులో గన్నవరం నుంచి సింగపూర్‌కు మొదలైన విమానం ప్రభుత్వ సాయంతో నడిచింది. 2019లో ఆ సాయం ఆగగానే అదీ ఆగింది.