కంచే చేను మేస్తే... సింగపూర్ బ్యాంకుల అంతరాయాలు మనకి చెప్పేదేమిటి?

సెరంగూన్ రోడ్డు తెలియని తెలుగువాడు సింగపూర్‌లో ఉండడంటే అతిశయోక్తి కాదు. పెరుమాళ్ కోవెలకి వెళ్ళాలన్నా, గోంగూర కట్ట కొనాలన్నా, ఊరికి డబ్బు పంపాలన్నా మన అడుగులు అటే పడతాయి. నేను ఎమ్మెస్ చదవడానికి వచ్చిన కొత్తలో ఆ వీధిలో ఎటు చూసినా నోట్లే చేతులు మారేవి. ఇప్పుడు పూలదండలమ్మే కొట్లో కూడా క్యూఆర్ కోడ్ అట్టముక్క వేలాడుతోంది. ఊరికి పంపే డబ్బు సంగతీ అంతే. 2023 ఫిబ్రవరి 21న ఇక్కడి పేనౌకీ మన యూపీఐకీ వంతెన వేశారు. ఫోన్‌లో నాలుగు నొక్కులు నొక్కితే గుంటూరులో అమ్మగారి ఖాతాలో డబ్బు పడుతుంది. సంతోషమే. కానీ ఆ వంతెన కింద స్తంభాలు ఎంత గట్టివి?

ఈ ప్రశ్న మనవాళ్ళకి రెండు వైపుల నుంచీ తగులుతుంది. ఒకటి, ఖాతాదారులుగా. రెండోది, ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళలో, పరీక్షించేవాళ్ళలో, అర్ధరాత్రి లేచి సరిచేసేవాళ్ళలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. సింగపూర్‌లో అతి పెద్ద బ్యాంకు డీబీఎస్, స్వదేశం బయట తన మొదటి టెక్నాలజీ కేంద్రాన్ని 2016లో తెరిచింది ఎక్కడో కాదు, మన హైదరాబాదులోనే. అందుకే ఆ బ్యాంకుకి ఈమధ్య కాలంలో జరిగినవి మనం కాస్త ఓపిగ్గా చదవవలసిన పాఠాలు.

ఏమేం జరిగాయి?

మొదటిది పాతదే. 2010 జులై 5 తెల్లవారుజామున డీబీఎస్ సేవలు సుమారు ఏడు గంటలు ఆగిపోయాయి. డిస్కులున్న స్టోరేజీ వ్యవస్థలో ఒక కేబుల్ మార్చేటప్పుడు కాలం చెల్లిన పద్ధతి వాడటం దానికి కారణం. అప్పుడే ఇక్కడి రిజర్వు బ్యాంకులాంటి సంస్థ, సింగపూర్ మానిటరీ అథారిటీ (మనవాళ్ళందరూ 'మాస్' అనే పిలుస్తారు), అదనంగా 23 కోట్ల సింగపూర్ డాలర్ల మూలధనం పక్కన పెట్టమని ఆదేశించింది.

తర్వాత 2021 నవంబరు 23న మొదలైన అంతరాయం మూడోరోజు దాకా సాగింది. లోపలికి ఎవర్ని రానివ్వాలో, ఎవర్ని ఆపాలో చూసే యాక్సెస్ కంట్రోల్ సర్వర్లలో సమస్య. ఖాతాల్లో డబ్బు భద్రంగానే ఉంది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. 2023 మార్చి 29న మళ్ళీ ఆగింది. ఈసారి సాఫ్ట్‌వేర్‌లోనే దాగి ఉన్న బగ్గులు. నెలన్నర తిరక్కుండానే మే 5న మరోసారి. మెయింటెనెన్స్ కోసం వాడే ప్రోగ్రాంలో కోడింగ్ తప్పు దొర్లి, సిస్టమ్ సామర్థ్యం బాగా పడిపోయింది.

అన్నిటికన్నా ఎక్కువ చర్చ జరిగింది 2023 అక్టోబరు 14, శనివారం నాటి సంఘటన మీద. ఈక్వినిక్స్ వారి డేటా సెంటర్‌లో ముందే అనుకున్న పని జరుగుతుండగా, కాంట్రాక్టరు పంపిన తప్పుడు సంకేతం వల్ల చల్లటి నీటి ట్యాంకుల వాల్వులు మూసుకుపోయాయి. గదులు వేడెక్కాయి, యంత్రాలు ఆగాయి. అదే చోట ఉన్న డీబీఎస్, సిటీబ్యాంకు రెండూ దెబ్బతిన్నాయి. సుమారు 25 లక్షల చెల్లింపులు, ఏటీఎం లావాదేవీలు పూర్తికాలేదనీ, 8 లక్షల 10 వేల దాకా లాగిన్ ప్రయత్నాలు విఫలమయ్యాయనీ ఇక్కడి పార్లమెంటులో చెప్పారు.

ఇక్కడొక విషయం గమనించాలి. రెండు బ్యాంకులకీ వేరేచోట బ్యాకప్ డేటా సెంటర్లు ఉన్నాయి. వెంటనే వాటికి మారే ప్రయత్నమూ చేశాయి. కానీ డీబీఎస్‌కి నెట్‌వర్క్ అమరికలో తప్పు అడ్డొచ్చింది. సిటీకి కనెక్షన్ ఇబ్బంది అడ్డొచ్చింది. మంట ఆర్పే గొట్టం గోడకి తగిలించే ఉంది, తీరా తిప్పితే నీళ్ళు రాలేదు!

నాలుగు గంటల లెక్క

మాస్ నియమాలు చాలా సూటిగా ఉంటాయి. ముఖ్యమైన ఏ సిస్టమ్ అయినా ఏ పన్నెండు నెలల కాలంలోనైనా, చెప్పాపెట్టకుండా ఆగిన సమయం మొత్తం కలిపి నాలుగు గంటలు దాటకూడదు. పడిపోతే నాలుగు గంటల్లో లేపాలి. పెద్ద సంఘటన అని తెలిసిన గంటలోపు మాస్‌కి చెప్పాలి. పద్నాలుగు రోజుల్లో అసలు కారణం రాసివ్వాలి.

నియమం దాటితే ఏమవుతుందో కూడా చూశాం. 2022లో డీబీఎస్ నిర్వహణ నష్టాల కోసం ఉంచవలసిన మూలధనం లెక్కని ఒకటిన్నర రెట్లు చేశారు. 2023 మే తర్వాత దాన్ని 1.8 రెట్లకి పెంచారు. మొత్తం అదనపు మూలధనం 160 కోట్ల సింగపూర్ డాలర్లయింది. 2023 నవంబరు నుంచి ఆరునెలల పాటు అత్యవసరం కాని సాఫ్ట్‌వేర్ మార్పులూ, కొత్త వ్యాపారాలు కొనడమూ ఆపమన్నారు. ఆ సంవత్సరం అప్పటి సీఈఓ పీయూష్ గుప్తా గారి వేరియబుల్ పే 30 శాతం తగ్గింది. బ్యాంకు ప్రత్యేకంగా 8 కోట్ల డాలర్లు కేటాయించి మరమ్మతులు మొదలుపెట్టింది. మన దేశంలోనూ 2020 డిసెంబరులో రిజర్వు బ్యాంకు హెచ్‌డీఎఫ్‌సీ మీద ఇలాంటి కట్టుబాట్లే పెట్టి, 2022 మార్చిలో గానీ పూర్తిగా తీయలేదు.

కొంతమంది మిత్రులు దీన్ని కక్షసాధింపు అంటారు. నాకలా అనిపించదు. సాఫ్ట్‌వేర్ పరిశ్రమలో పరీక్షల ఖర్చు ప్రతి బడ్జెట్‌లోనూ కనిపిస్తుంది. పరీక్షించకపోవడం వల్ల వచ్చే నష్టం మాత్రం కొంప మునిగేదాకా కనిపించదు. మాస్ చేసిందల్లా ఆ కనిపించని ఖర్చుకి ఒక అంకె వేసి బోర్డు ముందు పెట్టడమే. 'ఈ రిలీజు ఇంకో వారం ఆపుదాం, ఫెయిలోవర్ పరీక్ష కాలేదు' అని ఒక టెస్ట్ లీడ్ అంటే, పైవాళ్ళు వినే రోజు రావాలంటే అలాంటి అంకె ఒకటి ఉండాలి.

జబ్బున్నవాడికి జ్వరం లేదు

ఇక మానిటరింగ్. మన ఆఫీసుల్లో గోడంత తెర మీద ఆకుపచ్చ దీపాలు వెలుగుతుంటాయి. సర్వర్ బతికుందా, మెమరీ ఎంతుంది, డిస్కు నిండిందా... అన్నీ పచ్చగానే ఉంటాయి. కస్టమర్ మాత్రం డబ్బు వెళ్ళలేదని ఫోన్ చేస్తాడు! నేను పనిచేసిన ఒకచోట ఇది ఎంత మామూలంటే, తెర కన్నా కాల్ సెంటర్‌నే నమ్మేవాళ్ళం.

ఇలా ఎందుకు జరుగుతుందో చెప్పడానికి సెరంగూన్ స్టేషన్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. అక్కడ నార్త్ ఈస్ట్ లైనుని కలిసే సర్కిల్ లైన్‌లో డ్రైవర్లు లేని రైళ్ళు నడుస్తాయి. 2016 ఆగస్టు నుంచి నవంబరు దాకా ఆ లైన్‌లో ఎప్పుడుపడితే అప్పుడు సిగ్నల్ పోయి రైళ్ళు ఎమర్జెన్సీ బ్రేకు వేసుకుని ఆగేవి. ఫలానా రైలనీ లేదు, ఫలానా చోటనీ లేదు. నవంబరు 5న ప్రభుత్వ టెక్నాలజీ సంస్థ గవ్‌టెక్‌లోని డేటా నిపుణులు ముగ్గురు కూర్చుని, ఆగిన ప్రతి సంఘటననీ సమయం, స్థలం, దిశ ప్రకారం గీత గీసి చూశారు. అప్పుడు తెలిసింది. ఎదురుగా వేరే పట్టాల మీద ఒక రైలు వెళ్ళినప్పుడల్లా పక్కన వెళ్ళే రైళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఆగుతున్నాయి. ఆ దొంగ పీవీ 46 అనే రైలు. దాని సిగ్నల్ పరికరం పాడై, మిగతా రైళ్ళకి తప్పుడు తరంగాలు పంపుతోంది.

విచిత్రమేమిటంటే ఆగిన రైళ్ళ జాబితాలో దాని పేరు లేదు. జబ్బు దానిది, జ్వరం మిగతా రైళ్ళది! ఒక్కో రైలునీ విడివిడిగా చూసినంతకాలం ఎన్ని అలారాలు పెట్టినా పట్టుబడదు. సమాచారం మొదటి రోజు నుంచీ లాగుల్లో ఉంది. దాన్ని పక్కపక్కన పెట్టి 'ఎందుకు?' అని అడిగిన మనిషే ఆలస్యంగా వచ్చాడు.

కంచే చేను మేస్తే

ఈ సంఘటనలన్నీ వరసగా పెట్టి చూస్తే నాకొక పోలిక కనిపిస్తుంది. 2021లో ఆగింది కాపలా కాసే సర్వర్లు. 2023 మేలో తప్పు దొర్లింది మెయింటెనెన్స్ ప్రోగ్రాంలో. 2024 జులై 19న ప్రపంచమంతా 85 లక్షల విండోస్ యంత్రాల్ని నీలితెర వేయించింది వైరస్ కాదు, వాటిని కాపాడవలసిన క్రౌడ్‌స్ట్రైక్ వారి సాఫ్ట్‌వేరే. ఆ రోజు చాంగీలో కొన్ని విమాన సంస్థలు చేత్తో చెకిన్ చేశాయి. మన హైదరాబాదులో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఫోటో దేశమంతా తిరిగింది. ఆ అప్‌డేట్‌ని పరీక్షించే సాధనంలోనే లోపం ఉంది, అది 'అంతా బాగానే ఉంది' అని వదిలేసింది. కొద్దిమందికి ముందు పంపి చూడకుండా అందరికీ ఒకేసారి పంపేశారు. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు గానీ అప్పటికే నష్టం జరిగిపోయింది.

2025 ఏప్రిల్ 12న యూపీఐ స్తంభించడమూ ఈ కోవలోదే. లావాదేవీ అయిందా లేదా అని కొన్ని బ్యాంకులు పాత వాటి గురించి కూడా పదేపదే అడగడంతో, ఆ ప్రశ్నల వరదే వ్యవస్థని ముంచింది. 'ఉన్నావా' అని నిమిషానికి వందసార్లు అడిగితే ఉన్నవాడు కూడా పడిపోతాడు కదా!

అప్లికేషన్‌ని వెయ్యి పరీక్షలతో సతాయిస్తాం. పరీక్షించే స్క్రిప్టునీ, కాపలా ప్రోగ్రాంనీ, బ్యాకప్‌కి మార్చే బటన్‌నీ ఎవరు పరీక్షిస్తున్నారు? అసలు ప్రమాదం ఎక్కువగా అక్కడే పొంచి ఉంది.

మన ఉద్యోగాల సంగతి

2025 ఫిబ్రవరిలో డీబీఎస్ మరో ప్రకటన చేసింది. ఏఐ కారణంగా మూడేళ్ళలో సుమారు 4,000 కాంట్రాక్టు, తాత్కాలిక ఉద్యోగాలు తగ్గుతాయని, ఏఐకి సంబంధించి సుమారు వెయ్యి కొత్త ఉద్యోగాలు వస్తాయని. టెస్టింగ్‌లో, సపోర్టులో కాంట్రాక్టు మీద పనిచేసే మనవాళ్ళ గుండెల్లో రాయి పడటం సహజం. ఇల్లు, పిల్లల బడి, ఉద్యోగంతో ముడిపడిన పాసు... ఒకటి కదిలితే అన్నీ కదులుతాయి.

ఏఐ టెస్ట్ స్క్రిప్టులు బాగానే రాస్తుంది, అది ఒప్పుకోవాలి. పదిమంది వారంలో రాసేవి గంటలో రాస్తుంది. కానీ కోడ్‌ని చూసి రాసిన పరీక్ష ఆ కోడ్ చేసేదాన్నే నిజమంటుంది. 'చల్లటి నీళ్ళు ఆగితే ఏమవుతుంది?', 'రెండో డేటా సెంటర్‌కి నిజంగా మారగలమా?', 'ఈ కాపలా ప్రోగ్రామే పడిపోతే?' అన్న ప్రశ్నలు, ఆ వ్యవస్థతో కొన్నేళ్ళు కాపురం చేసినవాళ్ళకి తడతాయి. అలాంటివాళ్ళని ఖర్చు పద్దులో గీసేసే యాజమాన్యాలు, ఎవరి జ్ఞాపకంలో ఏముందో ముందు కనుక్కోవాలి. అది కాగితం మీద లేదని తెలిసేది శనివారం సాయంత్రం అంతా ఆగిపోయాకే.

మనవాళ్ళకి కూడా ఒక మాట. 'నేను ఫలానా టూల్ వచ్చిన ఆటోమేషన్ టెస్టర్‌ని' అని రెజ్యూమె మొదట్లో రాసుకునే కాలం వెళ్ళిపోతోంది. మీ వ్యవస్థ ఎలా పడిపోతుందో, పడితే ఎలా లేపాలో చెప్పగలిగితే ఆ జ్ఞానానికి గిరాకీ పెరుగుతుందే గానీ తగ్గదు. 2025 ఫిబ్రవరిలో ఇక్కడి ఐఎండీఏ క్లౌడ్ సంస్థలకీ, డేటా సెంటర్లకీ కూడా ఇలాంటి మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే ఈ పని బ్యాంకుల గోడలు దాటుతోంది.

ఇక ఖాతాదారులుగా చేయగలిగింది చిన్నదే. జీతమంతా ఒకే బ్యాంకులో ఉంచకండి. రెండో బ్యాంకు కార్డొకటి, ఓ యాభై డాలర్ల నోటు పర్సులో ఉండనివ్వండి. ఊరికి పంపే డబ్బు ఆఖరి తేదీ దాకా ఆపకండి. ఇంత సాంకేతికత తెలిసి కూడా నోటు పట్టుకు తిరుగుతున్నావా అని నా మిత్రులు నవ్వుతారు. తెలుసు కాబట్టే తిరుగుతున్నానని చెబుతుంటాను.