దారి చూపిన రాళ్ళు

ఇంగ్లండు నైరుతి భాగంలో డార్ట్‌మూర్ అనే విశాలమైన మెట్టభూమి ఉంది. చెట్టూచేమా తక్కువైన ఆ ఎత్తు నేలమీద పొగమంచు కమ్మితే పది అడుగుల దూరంలో ఏమున్నదీ కానరాదు. అడుగు తప్పితే ఊబి. మధ్యయుగంలో బక్‌ఫాస్ట్, టావిస్టాక్ మొదలైన మఠాల మధ్య రాకపోకలు సాగించే సన్యాసులకు, బాటసారులకు అక్కడ నిలిచిన రాతి శిలువలే దిక్కు చూపేవి. వాటిలో ఒకటైన సివార్డు శిలువను 1240 నాటి సరిహద్దు పత్రం పేర్కొన్నది. భక్తునికి అది దైవచిహ్నం, బాటసారికి ప్రాణరక్షణ.

ఇటువంటి దారులు పరదేశాలకే పరిమితం కావు. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలకు అంతకంటె ప్రాచీనమైన చరిత్ర ఉంది. బౌద్ధ భిక్షువులు వర్షాకాలంలో విహారాలలో నిలిచి, తక్కిన నెలలలో ఊరూరా సంచరించి ధర్మాన్ని బోధించేవారు. కృష్ణ ఒడ్డున ఎగువన అమరావతి, దిగువన భట్టిప్రోలు, నదికి ఆవలి గట్టు వైపున ఘంటసాల వారి స్థావరాలు. వర్తకులు నడిచిన దారినే భిక్షువులూ నడిచారు. నాగార్జునకొండలో సింహళ భిక్షువులకు ప్రత్యేకంగా ఒక విహారమే ఉండేది. చదునైన డెల్టా నేలలో దూరంనుండి కనిపించే స్తూపం బాటసారికి ఆనవాలుగా నిలిచి ఉంటుందని ఊహించడం కష్టం కాదు.

తెనాలి నుండి రేపల్లె పోయే రైలుమార్గంలోనే భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని త్రవ్వించగా, శాసనాలు చెక్కిన రాతి ధాతుకరండాలు మూడు బయల్పడ్డాయి. వాటిలో స్ఫటికపు బరిణ, బంగారు పూలు, ముత్యాలు ఉన్నాయి. వాటికన్న విలువైనవి ఆ రాతిమీది అక్షరాలు. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మీలో ఒక విశిష్ట భేదం. తెలుగు లిపి పరిణామాన్ని వివరించే పండితులు పలువురు ఈ భట్టిప్రోలు లిపినుండే తమ కథనం ఆరంభిస్తారు. ఆ శాసనాలలో కుబేరకుడనే రాజు పేరున్నా, ఎక్కువగా కనిపించేవి గోష్ఠి సభ్యులవి, పురజనులవి. అనగా, ఆ ధర్మకార్యం రాజు ఒక్కనిది కాదు, ఊరందరిది.

అయితే రే మహాశయుడు వచ్చేనాటికే స్తూపం చాలవరకు శిథిలమైంది. కాలం కంటె మనిషి చేసిన నష్టమే ఎక్కువ. విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తయిన పిమ్మట డెల్టాలో కాలువలు, రహదారులు విస్తరించాయి. ఆ పనులలో స్తూపపు ఇటుకలు రహదారులకు, పాలరాతి పలకలు కాలువ తూముకు ఉపయోగపడ్డాయి. శతాబ్దాలుగా శిల్పాన్ని మోసిన రాళ్ళు నీటి అడుగున మునిగిపోయాయి.

ఆ కాలువలే లేకుంటే ఈ ప్రాంతానికి అన్నం ఎక్కడిదని ఎవరైనా ప్రశ్నించవచ్చు. ప్రశ్న సమంజసమే. కరవు కాటకాలతో అలమటించిన ప్రజలకు నీరే ప్రథమావసరం. కాని ఒక తూము కట్టడానికి స్తూపాన్నే కూల్చవలసిన అగత్యం లేదు. రాళ్ళు మరొకచోట దొరుకుతాయి. ఆ శిల్పాలు మరొకచోట దొరకవు. అక్కడ లోపించినది రాయి కాదు, ఎరుక. ఆకలిని సాకుగా చూపి అజ్ఞానాన్ని సమర్థించరాదు.

డార్ట్‌మూర్ ప్రజలూ ఈ తప్పుకు అతీతులు కారు. అక్కడ చైల్డ్ సమాధిగా పేరుపొందిన శిలువ కట్టడపు రాళ్ళను 1812 ప్రాంతంలో ఇల్లు కట్టుకోవడానికి తరలించారు. అయితే 1883లో ఏర్పడిన స్థానిక పరిరక్షణ సంఘం పూనుకొని 1890లో దానిని తిరిగి నిలబెట్టింది. పోయినదంతా తిరిగి రాకపోయినా, చేసిన పొరపాటును దిద్దుకోవాలన్న సంకల్పం అభినందనీయం.

నేడు భట్టిప్రోలు స్తూపం కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. కాని ప్రతి ఊరి రాయికీ ప్రభుత్వం కాపలా ఉంచజాలదు. చెరువుగట్టున వాలిన శాసనస్తంభం, పొలంలో నాగలికి తగిలిన శిల్పఖండం, ఆలయ గోడమీద సున్నం క్రింద మరుగుపడిన అక్షరాలు, వీటికి ఊరివారే కాపలాదారులు. వెలనాటి చోడుల రాజధానియైన చందవోలులో, బాపట్ల భావనారాయణస్వామి ఆలయంలో చదువవలసిన శాసనాలున్నాయి. భూమిలో దాగిన విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం విధిస్తున్నది. మన సమష్టి సంస్కృతీ వారసత్వాన్ని కాపాడుకోవడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది.

చట్టం కంటె ముందు కావలసినది అభిమానం. దానికి తొలిమెట్టు తెలుసుకోవడం. సెలవునాడు విద్యార్థులు తమ ఊరిలోని పాత రాళ్ళను చూచి, వాటి తావును, స్థితిని వ్రాసి, ఛాయాచిత్రం తీసి కళాశాలలో భద్రపరిస్తే చాలు. అవి ఇక అనామకంగా మాయం కావు. ఒకనాడు భిక్షువులకు విడిది చూపిన రాళ్ళు, నేడు ఒక జాతికి తన అక్షరం నడచివచ్చిన దారిని చూపుతున్నాయి. వాటిని తూముల పాలు కానీయక నిలుపుకోవడం ఈ తరం బాధ్యత.