జాడీకి లేని మైల పళ్ళేనికెందుకు?



ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో ముప్పయ్యేళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికినవాణ్ణి. ఎందరో శిష్యుల ఇళ్ళలో విస్తరి వేసి కూర్చోబెట్టారు. అక్కడ రెండు తెగల గృహస్థులను చూశాను. పింగాణీ పళ్ళెం వంటింటి గడప దాటరాదనేవారు ఒకరు. జపాను డిన్నర్ సెట్టు కొని, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేవారు మరొకరు. మొదటివారిది ఆచారమట, రెండవవారిది అభిరుచియట. ఇద్దరి పళ్ళేలలోనూ మెతుకు పడదు. నా పేచీ ఇద్దరితోనూ.

ముందు ఆచారపరుల సంగతి. వీరి ఇళ్ళలోనే ఆవకాయ జాడీ ఉంటుంది. అదీ మట్టిని కాల్చి, పైన గాజుపూత పూసినదే గదా! మడి కట్టుకొని మరీ అందులోంచి ఊరగాయ తీస్తారు. అదే మెరుపు గల పళ్ళెం మాత్రం మైల! 'తురకల ఇళ్ళలో వాడేది' అన్నదే అసలు అభ్యంతరం. 'పింగాణీ' అన్న మాటే పారసీక 'పింగాన్' నుండి వచ్చింది. మాటను నోట ఉంచుకొని వస్తువును గడప బయట ఉంచడం ఏమి న్యాయం? ఇంతకంటె దారుణం, పనివారి కోసం వాకిటి గూటిలో వేరుగా బోర్లించిన పింగాణీ కప్పు. తాగినవారే దానిని కడిగి పెట్టాలి. అంటరానితనానికి మనమే పింగాణీని పనిముట్టు చేసుకున్నాం.

'అందులో ఎముకల పొడి ఉంటుంది కదా సార్' అంటారు. 'బోన్ చైనా'లో ఉంటుంది, నిజమే. 18వ శతాబ్ది చివర ఇంగ్లండులో స్థిరపడిన ఆ పద్ధతిలో పశువుల ఎముకల బూడిద కలుపుతారు. శాకాహారి దానిని వద్దంటే నాకు మారుమాట లేదు. కాని అసలు పింగాణీ తెల్ల బంకమన్ను, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ కలిపి 1300 డిగ్రీల దాపున కాల్చినది. జపానువారు రెండూ చేస్తారు. బోన్ చైనా అయితే సాధారణంగా పళ్ళెం అడుగున ఆ మాట అచ్చువేసి ఉంటుంది. చదువుకున్నవారు చదివి చూడవచ్చు.

ఇక సేకర్తలు. వీరికి పళ్ళెం ముఖం కంటె వీపు ముఖ్యం. 'నిప్పన్' అని ఉంటే పొంగిపోతారు. 'ఆక్రమిత జపాన్' అని ఉంటే చెప్పనే అక్కరలేదు. దిగుమతి సరుకుపై దేశం పేరుండాలని 1890లో అమెరికా చట్టం చేసింది గనుక 'నిప్పన్' వచ్చింది. 1921లో దానిని 'జపాన్'గా మార్చమన్నారు. యుద్ధానంతరపు ఆక్రమణ 1952లో ముగియగానే మూడవ ముద్రా పోయింది. సుంకం గుమాస్తా కోసం వేసిన ముద్రకు ఇంత పూజా!

ఆ పళ్ళేన్ని కాస్త ముఖం వైపు తిప్పండి. 17వ శతాబ్ది ఆరంభంలో అరితాలో పింగాణీకి నాంది పలికినవారు యుద్ధంలో కొరియా నుండి తరలించబడిన కుమ్మరులు. ఆ సరుకును ఐరోపాకు ఓడలకెక్కించినవారు డచ్చివారు. 1904లో నగోయా దగ్గర నొరిటాకేలో వెలసిన సంస్థ, పాశ్చాత్యుల భోజనబల్లకు తగిన 25 సెంటీమీటర్ల చదునైన పళ్ళెం చేయలేక ఏళ్ళ తరబడి తంటాలు పడింది. 1914లో గాని తొలి డిన్నర్ సెట్టు సిద్ధం కాలేదు. ఆ పాట్లన్నీ ఎవరో కడుపునిండా భోంచేయడానికే గదా!

'చూడడానికే కొన్నాం' అంటారా? హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాను పింగాణీ ఉంది. మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరణ 1951 నుండి జనానికి దర్శనమిస్తూనే ఉన్నది. మీ బీరువా ఎవరికి దర్శనమిస్తున్నది? మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం నెలకొల్పిన ఎమ్మిగనూరులో, బట్ట కట్టుకోవడానికేనని ఎవరికీ బోధించనక్కరలేదు. పళ్ళెం విషయంలో ఆ ఇంగితం ఎందుకు లేదు?

ఈ ఉగాదికి తాళం తీయండి. గూటిలోని కప్పును లోపలికి తెండి. పనిమనిషికీ, పొరుగింటి సాహెబుగారికీ, మీ పంక్తిలోనే, మీరు తినే పళ్ళేలలోనే వడ్డించండి. ఒకటి పగిలితే పగలనీయండి.

కాదనేవారు వ్యాఖ్యలలో కారణం చెప్పండి. 'మైల' అన్న ఒక్క మాట చాలదు.