పెనాల్టీ కిక్కు, గద్దార్ అనే మాట



2022 డిసెంబర్ 6 రాత్రి మా ఇంట్లో దస్తర్‌ఖాన్ పరిచి ఉంది, అన్నం చల్లారిపోయింది, ఎవరూ టీవీ ముందు నుంచి లేవలేదు. ఖతర్‌లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్, మొరాకోకూ స్పెయిన్‌కూ నాకౌట్ మ్యాచ్. ఓడినవాళ్ళు ఇంటికే. తొంభై నిమిషాలు అయ్యాయి, పైన ఇచ్చిన ముప్ఫై నిమిషాలూ అయిపోవచ్చాయి, ఒక్క గోల్ లేదు. స్పెయిన్ వాళ్ళు వెయ్యికి పైగా పాస్‌లు ఇచ్చుకుని కూడా ఆ ఎర్ర గోడను దాటలేకపోయారు. ఆఖరి క్షణాల్లో పాబ్లో సరాబియా కొట్టిన బంతి గోల్‌పోస్టుకు తగిలి పక్కకు పోయింది. మా తమ్ముడు రెండు చేతులూ తల మీద పెట్టుకుని గోడకు జారగిలబడ్డాడు.

ఇక పెనాల్టీలే అని తేలగానే నేను మా పన్నెండేళ్ల అబ్బాయితో, "బేటా, దువా చెయ్. ఇది మన ఇజ్జత్ సవాల్" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. దాని హిసాబ్ తర్వాత చెబుతాను.

తర్వాత ఏం జరిగిందో మీలో చాలామంది చూసే ఉంటారు. సరాబియా కొట్టిన పెనాల్టీ మళ్ళీ పోస్టుకే తగిలింది. కార్లోస్ సోలెర్‌ది, కెప్టెన్ బుస్కెట్స్‌ది గోల్‌కీపర్ యాసీన్ బోనో ఆపేశాడు. అష్రఫ్ హకీమీ వచ్చి, బంతిని గట్టిగా కొట్టకుండా, పిల్లాడికి లడ్డూ అందించినట్టు మెల్లగా గోల్ మధ్యలోకి వదిలాడు. 3-0. మా మొహల్లాలో అర్ధరాత్రి దగ్గర పడుతుంటే పటాకులు పేలాయి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి? మొరాకో ఆటగాళ్ళు గడ్డి మీద సజ్దాలో పడ్డారు, ఫిలస్తీన్ జెండా పట్టుకుని ఫోటో దిగారు. మనలాంటి పేర్లున్న కుర్రాళ్ళు ప్రపంచం ముందు తలెత్తుకుని నిలబడ్డారని జజ్బా పొంగింది. ఆ ఖుషీని తప్పు పట్టడానికి నేనిది రాయడం లేదు.

మా అమ్మీ అంతకుముందు ఫుట్‌బాల్ చూసింది లేదు. ఆమె రెండే మాటలంది. ఒకటి బోనో గురించి: "ఆ పిల్లాడేంటి, అంత టెన్షన్‌లో నవ్వుతున్నాడు!" రెండోది, మేమంతా బుస్కెట్స్ ముఖం చూసి కేకలు పెడుతుంటే: "అరే, ఉస్కీ అమ్మా భీ దేఖ్‌రీ హోయేంగీ నా." ఆ బిడ్డ తల్లి కూడా ఎక్కడో చూస్తూ ఉంటుంది కదా అని. ఆ రాత్రి ఎవరూ పట్టించుకోలేదు.

నాలుగు రోజుల తర్వాత మొరాకో పోర్చుగల్‌ను కూడా 1-0తో ఓడించింది. ఆఫ్రికా నుంచి గానీ, అరబ్ ముల్కుల నుంచి గానీ సెమీఫైనల్‌కు చేరిన మొదటి జట్టు అదే. బౌఫాల్ తన తల్లితో కలిసి మైదానంలో నాట్యం చేసిన వీడియో మా ఖాందాన్ గ్రూపులో కనీసం ఇరవై సార్లు తిరిగి ఉంటుంది.

ఇక సెమీఫైనల్. మన టైంలో రాత్రి పన్నెండున్నరకు మొదలైంది. ఫ్రాన్స్ ఐదో నిమిషంలోనే గోల్ కొట్టింది, 79వ నిమిషంలో రెండోది. డిఫెన్స్‌లో అగెర్డ్ వార్మప్ దగ్గరే ఆగిపోయాడు, కెప్టెన్ సాయిస్ ఇరవై నిమిషాలకే కుంటుతూ బయటికి వచ్చాడు. అయినా కుర్రాళ్ళు ఆఖరిదాకా పోరాడారు. ఓడిపోయారు. అది ఆట.

మా గ్రూపులో మాత్రం ఆట ముగియలేదు. ఒకాయన, బహుశా నిద్ర చాలక, ఆటగాళ్ళలో తకబ్బుర్ వచ్చింది, అందుకే ఓడారు అని ఫైసలా ఇచ్చేశాడు. ఇంకొకడు, మా సొంత అన్న కొడుకు, ఇంజినీరింగ్ చదివే కుర్రాడు, ఫ్రాన్స్ తరఫున ఆడిన డెంబెలే, కొనాటేల ఫోటోలు పెట్టి కింద ఒకే మాట రాశాడు: గద్దార్.

దాని కింద పదిహేను నవ్వు ముఖాలు. ఒకటి నాది.

ఎందుకు పెట్టానో ఇప్పటికీ నాకు తెలియదు. గెలిచినప్పుడు అందరితో కలిసి అరిచిన చెయ్యే ఓడినప్పుడు కూడా అందరితో కలిసి నొక్కేసింది. పొద్దున లేచాక ఆ మాట కంట్లో నలుసులా గుచ్చుకుంది, ఎందుకంటే ఆ మాట మనకు కొత్త కాదు. దానికి పద్నాలుగు నెలల ముందు, 2021 అక్టోబర్ 24న దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో ఇండియా పది వికెట్ల తేడాతో ఓడింది. పదకొండు మందీ ఓడారు. గాలీలు మాత్రం ఎక్కువగా ముహమ్మద్ షమీకి పడ్డాయి. 3.5 ఓవర్లలో 43 పరుగులిచ్చాడని కాదు, అతని పేరు ముహమ్మద్ అని. ఆ రాత్రి ఇంటర్నెట్‌లో అతని మీద విసిరిన మాట కూడా ఇదే. అప్పుడు మనమేమన్నాం? ఒక మ్యాచ్‌లో బంతి సరిగ్గా పడకపోతే మనిషి వఫాదారీని ప్రశ్నిస్తారా అని ఎంత బాధపడ్డాం! విరాట్ కోహ్లీ బహిరంగంగా అతని పక్షాన నిలబడితే ఎంత దువా ఇచ్చాం!

డెంబెలే ఫ్రాన్స్‌లో పుట్టాడు, కొనాటే పారిస్‌లో పుట్టాడు. తమ వతన్ కోసం ఆడారు. షమీ చేసిందీ అదే, సిరాజ్ చేసేదీ అదే. హకీమీ మాడ్రిడ్‌లో పుట్టి తల్లిదండ్రుల గడ్డను ఎంచుకుంటే మనకు హీరో అయ్యాడు, మంచిదే. కానీ పుట్టిన గడ్డ కోసం ఆడినవాడు గద్దార్ ఎలా అవుతాడు? ఈ మంతిఖ్ ఒప్పుకుంటే, మన గల్లీ చివర నిలబడి మనల్ని అదే ప్రశ్న అడిగేవాడికి మనమేం జవాబిస్తాం?

దీన్ ఒకటైనంత మాత్రాన స్టేడియంలో అందరూ ఒక వైపే కూర్చుంటారన్నది కూడా నిజం కాదు. మన హైదరాబాద్ రహీం సాబ్‌ను తలుచుకోండి. సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి టీచర్, ఇండియా ఫుట్‌బాల్‌కు ఉస్తాద్. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్‌కు జట్టును తీసుకెళ్తే, ఆ ముస్లిం దేశపు జనం ఆయన జట్టును గేలి చేశారు. ఆ ఆటలకు ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడం మీద భారత క్రీడాధికారి ఒకరు అభ్యంతరం చెప్పారన్న కోపం. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ ముందు వరుసలో ఆడించారు, అతను గోల్ కొట్టాడు. కొరియాపై 2-1, బంగారు పతకం. మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో ఆయన వెళ్ళిపోయారు. మన పిల్లలకు హకీమీ తెలుసు, రహీం సాబ్ తెలియదు. అది వేరే ఫిర్యాదు, ఇంకోసారి రాస్తాను.

ఇప్పుడు ఆ హిసాబ్. సెమీస్ ముగిసేసరికి రాత్రి రెండున్నర అవుతోంది. మా అబ్బాయి మెల్లగా అడిగాడు: "అబ్బా, ఈసారి కూడా చేశాను కదా. మన దువా ఖబూల్ కాలేదా?"

వాడి తప్పేముంది? మ్యాచ్‌ను ఇజ్జత్ సవాల్ చేసింది నేను. గెలిస్తే అల్లాహ్ మన వైపు ఉన్నాడని వాడి బుర్రలో వేసింది నేను. మరి ఓడితే ఆ లెక్క ఎక్కడికి పోతుంది? నేను నీళ్ళు నములుతుంటే టీవీలో మొరాకో ఆటగాళ్ళు తమ అభిమానుల ముందుకు వచ్చి మళ్ళీ సజ్దా చేశారు. స్పెయిన్ మీద గెలిచిన రోజు చేసినట్టే. వాడు అది చూసి, "ఓడారు కదా, మళ్ళీ ఎందుకు?" అన్నాడు. "అందుకే" అన్నాను, ఇంకేమీ తోచక. వాడు కాసేపు చూసి పడుకున్నాడు.

మరుసటి రోజు నా నవ్వు ముఖాన్ని తీసేసి, అన్న కొడుక్కి విడిగా ఫోన్ చేశాను. వాదించాడు, "మీరూ నవ్వారు కదా చాచా" అన్నాడు. నిజమే అన్నాను. షమీ సంగతి గుర్తు చేస్తే కాసేపు మాట్లాడలేదు. సాయంత్రానికి ఫోటో తీసేశాడు. ఒప్పుకున్నాడో, పెద్దవాడిననే లిహాజ్‌తో తీశాడో నేను అడగలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో పెద్ద మ్యాచ్ ఉంటే అరుపులకు, చాయ్‌కి, పకోడీకి అందరికీ ఇజాజత్ ఉంది. పెనాల్టీ పోగొట్టుకున్నవాడి దేశాన్ని, రంగును, మజ్‌హబ్‌ను తిడితే మాత్రం రిమోట్ అమ్మీ చేతికి పోతుంది. ఆమె సీరియల్ పెట్టేస్తుంది. రెండుసార్లు పెట్టింది కూడా, ఒకసారి నా వల్లే.