బజారుకు రాని పండు పెరట్లోనే పండాలి

రాజీవ్ రహదారి మీద తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట, తూంకుంట దాటి శామీర్‌పేట చెరువు వెనకబడ్డాక వచ్చే తుర్కపల్లిని దేశమంతా జీనోమ్ వ్యాలీ ఊరుగానే ఎరుగుతుంది. కొవాగ్జిన్ టీకా ఇక్కడి నుంచే వచ్చింది. 1999లో మొదలైన ఈ జీవసాంకేతిక కేంద్రం చుట్టూ ఇప్పుడు ఎటు చూసినా వెంచర్లు, ప్రహరీ గోడలు, రెండు వందల గజాల ప్లాట్లు. ఇదే నేల కొన్ని దశాబ్దాల కిందట ద్రాక్షకు పేరు మోసింది. మేడ్చల్, శామీర్‌పేట చెలకల్లో అనాబ్-ఎ-షాహీ పందిళ్లు వేసిన రైతుల వల్లే హైదరాబాద్ ద్రాక్షకు ఆ పేరొచ్చింది. పండ్లు పండించిన భూమి ఇళ్ల స్థలమైతే కావచ్చు. జనం పెరిగితే ఇళ్లు కట్టుకోక తప్పదు. కానీ ఆ ఇళ్ల ముందు నాటుతున్న చెట్లలో తినడానికి ఒక్క కాయైనా ఇచ్చేవి ఎన్ని? గేటుకు రెండు వైపులా నిటారు అశోక, గోడ వెంట వరసగా కోనోకార్పస్, కుండీలో క్రోటన్లు. చాలా ఇళ్లలో అంతే. ఈ వరసలో కనీసం ఒక చోట మల్బరీ ఉండాలన్నది నా వాదన. ఊళ్లలో కొందరు కంబళి చెట్టు అని, పాతబస్తీలో షాతూత్ అని పిలిచేది దీన్నే.

ఇన్ని పండ్ల చెట్లుండగా మల్బరీయే ఎందుకంటే, మిగతా పండ్లు నాటకపోయినా కొనుక్కోవచ్చు. మామిడి, జామ, సీతాఫలం రహదారి పక్కన బండ్ల మీదే దొరుకుతాయి. మల్బరీ అలా దొరకదు. పండిన మల్బరీకి తొక్కంటూ లేదు. చిన్న చిన్న రసపు తిత్తులు ఎన్నో ఒక కాడకు అతుక్కుని ఒకే పండులా కనిపిస్తాయి. వేలు తగిలితే ఊడి వస్తుంది, గట్టిగా పట్టుకుంటే చితుకుతుంది. ఎండాకాలంలో కోసిన పండు మర్నాటికి పులుస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులకు మించి నిలవదు. పైగా కొమ్మ మీద కాయలన్నీ ఒక్కసారి పండవు. ఈ రోజు పది, రేపు ఇరవై అన్నట్టు వస్తాయి. వ్యాపారికి ఇవన్నీ నష్టాలే. ఒక్కసారిగా బుట్టలు నిండవు, లారీ ఎక్కిస్తే రసం కారిపోతుంది. అదే ఇంట్లోవాళ్లకైతే నాలుగైదు వారాల పాటు రోజూ గుప్పెడు తాజా పండు దొరుకుతుంది. బజారులో దీని విలువ తెలియకపోవడానికి కారణం రుచి కాదు, రవాణా. ఈ పండు తినాలంటే చెట్టు మన ఇంట్లోనైనా పక్కింట్లోనైనా ఉండాలి.

తిని తీరాల్సినంత గొప్ప పండేనా ఇది అని అడిగేవారికి లెక్కలున్నాయి. వంద గ్రాముల మల్బరీలో 88 గ్రాముల దాకా నీరే. మిగిలినదాంట్లో 36 మిల్లీగ్రాముల వరకు విటమిన్ సి, రెండు మిల్లీగ్రాములకు కొంచెం తక్కువగా ఇనుము ఉంటాయి. నల్లగా నిగనిగలాడే రంగు ఆంథోసయనిన్లది. సూపర్ మార్కెట్‌లో చిన్న డబ్బాకు వందల రూపాయలు పెట్టి కొనే విదేశీ బ్లూబెర్రీకి గొప్పగా చెప్పే రంగు పదార్థాలు కూడా ఆ జాతివే. విటమిన్ సి విషయంలో మల్బరీ దానికి మూడింతలు పైన ఉంటుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 100 గ్రాముల పండ్లు తినమంటోంది. ఏడాది పొడవునా ఆ లెక్కను ఒక్క మల్బరీ చెట్టు తీర్చదు. కాపున్న రోజుల్లో మాత్రం నలుగురున్న ఇంటికి పైసా ఖర్చు లేకుండా అందులో మంచి భాగమే ఇవ్వగలదు.

మల్బరీ మనకు కొత్త పంట కాదు, విచిత్రమంతా అక్కడే ఉంది. హిందూపురం, మడకశిర, కదిరి, పలమనేరు ప్రాంతాల రైతులు తరతరాలుగా దీన్ని సాగు చేస్తున్నారు. పట్టు దిగుబడిలో కర్ణాటక తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. హిందూపురం దగ్గర కిరికెరలో పట్టు పరిశోధనకే ఒక సంస్థ ఉంది. పట్టుపురుగు జన్యువుల మీద ప్రపంచం గుర్తించిన పరిశోధన చేసిన డాక్టర్ జె. నాగరాజు పనిచేసింది హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీలోనే. తుర్కపల్లికి వెళ్లే దారిలోనే తిరుమలగిరిలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది. ఇంత విద్య, ఇంత వ్యవస్థ ఉండీ మన దృష్టంతా ఆకు మీదే నిలిచింది. మైసూరు పట్టు పరిశోధన కేంద్రం ఇచ్చిన వి-1 రకాన్ని రైతులు అపురూపంగా చూసుకునేది హెక్టారుకు ఏటా అరవై టన్నుల దాకా వచ్చే ఆకు కోసం. పట్టు రైతుకు ఆకే ఆదాయం కాబట్టి అతన్ని తప్పుపట్టలేం. పండు కోసం మంచి చెట్లను ఎంచి, వాటి కొమ్మలను ఇళ్లకు చేర్చే పని మాత్రం ఎవరూ గట్టిగా తలకెత్తుకోలేదు.

ఆకు తోటల అనుభవం ఇంటి చెట్టుకు ఒక పెద్ద పాఠం చెబుతుంది. నీటి వసతి ఉన్న తోటలో మల్బరీని ఏడాదికి నాలుగైదు సార్లు మొదలు దాకా కోసేస్తారు. అయినా మళ్లీ చిగురిస్తుంది, పదిహేనేళ్ల దాకా ఆకు ఇస్తూనే ఉంటుంది. పెరట్లో చెట్టు పెరిగి పెరిగి మేడను కప్పేస్తుందేమోనన్న భయానికి ఇంతకు మించిన సమాధానం అక్కర్లేదు. వదిలేస్తే ముప్పై అడుగులు పోయే చెట్టే, కత్తిరిస్తే మనిషి ఎత్తు పొదలా ఉంటుంది. కత్తిరింపు వల్ల ఇంకో లాభమూ ఉంది. కాయలు వచ్చేది కొత్త చిగురు కణుపుల్లోనే కాబట్టి, కోత కోసి ఎరువు వేసి నీళ్లు పెడితే కొత్త కొమ్మలతో పాటు కాపూ వస్తుంది. చలి తగ్గే వేళ వచ్చే ప్రధాన కాపు కాక, ఇలా ఏడాదిలో మరోసారి, ఒక్కోచోట రెండుసార్లు పండ్లు తినవచ్చు. శామీర్‌పేట వైపు ఎర్ర చెలకలు దీనికి బాగా సరిపోతాయి. కావాల్సిందల్లా నీరు నిలవకపోవడం. మొదటి ఏడాది తడి ఆరకుండా చూస్తే, వేరు దిగాక ఎండలకు తట్టుకుంటుంది. బోర్లు అడుగంటే ఈ ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు.

నాటడానికి డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. బాగా కాసే చెట్టు నుంచి పెన్సిల్ లావు ముదురు కొమ్మను జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులుండేలా కోయాలి. మృగశిర దాటి వానలు పట్టాక రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా గుచ్చితే నెల రోజుల్లో వేర్లు వస్తాయి. గింజతో వేసిన మొక్క కాపుకు ఏళ్లు తీసుకుంటుంది, పైగా అది కాయని మగ చెట్టు కావచ్చు. కొమ్మ మొక్కలో ఆ అనుమానం ఉండదు, తల్లి చెట్టు గుణమే వస్తుంది, ఏడాది రెండేళ్లలోనే కాపు చూపిస్తుంది. జీనోమ్ వ్యాలీలో ఉద్యోగానికి వచ్చి అద్దె ఇంట్లో ఉండేవారు, ఎప్పుడు ఖాళీ చేస్తామో తెలియని చోట చెట్టెందుకు అనుకుంటారు. వాళ్లకూ ఇది అనువైనదే. పెద్ద డ్రమ్ములో పెరుగుతుంది. ఇల్లు మారేటప్పుడు చెట్టును మోసుకుపోనక్కర లేదు, నాలుగు కొమ్మలు కోసుకుని వెళ్తే చాలు.

ఇక అభ్యంతరాలు. మొదటిది మరక. రాలిన పండ్లు గచ్చును, కార్లను, ఉతికి ఆరేసిన బట్టలను ఊదా రంగు చేస్తాయి, ఆ మాట నిజం. అందుకే దీన్ని ఫుట్‌పాత్‌ల మీద, పార్కింగ్ పక్కన నాటమని నేను అనను. మట్టి ఉన్న మూలన, గోడకు, సెప్టిక్ ట్యాంకుకు పది పన్నెండు అడుగుల దూరాన వేయాలి. అంత చోటు లేకపోతే డ్రమ్మే మేలు. రెండో అభ్యంతరం కోతులు. శామీర్‌పేట పరిసరాల్లో ఇంటి మీద కాయ నిలవనివ్వని కోతుల బెడద తెలిసినవాళ్లెవరూ దీన్ని తేలిగ్గా కొట్టిపారేయరు. ఇక్కడ పొట్టిగా పెంచగలగడమే అక్కరకొస్తుంది. మామిడి చెట్టుకు వల కప్పలేం, ఆరడుగుల మల్బరీ పొదకు కప్పగలం. పిట్టలు తినే వాటా గురించి మాత్రం బాధ పడకూడదు. పొలాలు, తుమ్మచెట్లు పోయి గోడలు లేచిన చోట పికిలిపిట్టకు, గోరింకకు తిండి దొరకడం కష్టమైంది. పై కొమ్మల కాయలు వాటికి వదిలేయడం న్యాయం.

పుప్పొడి సంగతి ఇంతకంటే బరువైనది. మల్బరీ మగ పువ్వు పుప్పొడిని ధ్వని వేగంలో సగానికి మించిన వేగంతో విసురుతుందని శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. ఎలర్జీ ఉన్నవారికి అది పడదు. అమెరికాలో టూసాన్ నగరమున్న పీమా కౌంటీ 1980లలో మల్బరీ అమ్మకాన్ని ఆపింది. లాస్ వేగాస్ ఉన్న క్లార్క్ కౌంటీ 1991లో కాయని మల్బరీని నాటొద్దంది. అక్కడ జరిగింది గమనిస్తే మనకు జవాబు దొరుకుతుంది. మరకలు పడకూడదని ఆ ఊళ్లవాళ్లు కాయలు కాయని మగ చెట్లనే ఏరి ఏరి వేలల్లో నాటారు. పండు వద్దనుకుని పుప్పొడిని కొనితెచ్చుకున్నారు. ఇస్లామాబాద్‌ను ఏటా వసంతంలో ఉక్కిరిబిక్కిరి చేసేది 1960లలో విత్తనాలు చల్లి పెంచిన కాగితపు మల్బరీ. అది వేరే ప్రజాతి, మన పండ్ల మల్బరీ కాదు. కాసే ఆడ చెట్టు కొమ్మలనే నాటాలని ఇంతగా చెప్పడం అందుకే. ఉబ్బసం ఉన్న ఇంట్లో అయితే పడకగది కిటికీకి దూరంగా వేయడం, లేదా అసలు వేయకపోవడం మంచిది.

పాలు కారే చెట్టు ఇంట్లో ఉండకూడదని కొందరు పెద్దలు అంటారు. మల్బరీ కొమ్మ విరిస్తే పాలు వస్తాయి, నిజమే. బొప్పాయికీ వస్తాయి, పనసకూ వస్తాయి. బొప్పాయి లేని పెరడు తెలుగునాట అరుదు. కాబట్టి ఈ పట్టింపును మల్బరీ ఒక్కదాని మీదే పెట్టడం సబబు కాదు. పచ్చి కాయలు, పాలు కడుపుకు పడవు కాబట్టి పిల్లలకు బాగా పండినవే ఇవ్వాలి. బొప్పాయి పక్కన మాత్రం దీన్ని నాటొద్దు, అందుకు వేరే కారణముంది. 2008లో తమిళనాడులో కనిపించిన బొప్పాయి పిండినల్లి అక్కడి మల్బరీ తోటలనూ తుడిచిపెట్టింది. 2010లో ప్యూర్టోరికో నుంచి తెచ్చిన పరాన్నజీవి కందిరీగ వల్ల గానీ అది అదుపులోకి రాలేదు. ఇంటి చెట్టుకు పిండినల్లి పడితే ఆ కొమ్మ కోసి కాల్చేయడం, వేపనూనె కొట్టడం చాలు. కోసుకుని నోట్లో వేసుకునే పండు మీద ఘాటు మందులు కొట్టకూడదు.

మల్బరీ ఆకు టీ తాగితే షుగరు పోతుందన్న ప్రచారాన్ని కూడా ఇక్కడే పక్కన పెట్టాలి. ఆకులోని డీఆక్సీనోజిరిమైసిన్ అనే పదార్థం పిండిపదార్థాలు జీర్ణమయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. దాని మీద పరిశోధనలున్నాయి. అంతమాత్రాన డాక్టరు రాసిన మాత్రలు మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. యునానీ వైద్యులు గొంతునొప్పికి షర్బత్ తూత్ సియాహ్ అనే నల్ల మల్బరీ పానకం ఇవ్వడం హైదరాబాద్‌కు తెలిసిన సంప్రదాయమే. దాన్ని వాళ్ల చేతికే వదిలేద్దాం. పండును పండుగా తింటే చాలు, మందు పేరు చెప్పి దానికి గొప్ప తేనక్కర లేదు.

తెలంగాణలో 2015లో హరితహారం మొదలయ్యాక, ఇప్పుడు వన మహోత్సవం పేరుతోనూ ఇంటింటికీ మొక్కలు ఇస్తున్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన వాటిలో 85 శాతం బతకాలంటుంది. 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించమంటుంది. డబ్బుకు, చట్టానికి కొరత లేదు. కొరతల్లా ఏ మొక్క ఇవ్వాలన్న ఆలోచనలోనే. తొందరగా పచ్చబడుతుందని ఊరూరా నాటిన కోనోకార్పస్‌ను ఇక వద్దని 2022లో ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. గుజరాత్ 2023లో నిషేధించింది. ఆ ఖాళీని నింపే మొక్కల జాబితాలో ఇళ్ల కోసం పండ్ల మల్బరీని చేర్చాలి. తుర్కపల్లి నుంచి రాజీవ్ రహదారి మీదే ముందుకు పోతే సిద్దిపేట జిల్లా ములుగులో కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల ఉన్నాయి. ఉద్యానానికి, పట్టుకు రాష్ట్రంలో ఒకటే శాఖ. తీయగా కాసే చెట్లను ఎంపిక చేసి, వాటి కొమ్మలను స్థానిక నర్సరీలకు అందించడం వీరికి ఒక వానాకాలం పని. ఆడ చెట్టు కొమ్మ అని నర్సరీ హామీ ఇచ్చి అమ్మాలి. కొనేవారు అడిగి మరీ తీసుకోవాలి. వచ్చే జూన్‌లో ఇంటి ముందు కొత్తగా ఏం నాటాలా అని ఆలోచించేవారు గుంత తీసే ముందు చుట్టుపక్కల కాసే మల్బరీ ఎవరింట్లో ఉందో కనుక్కుని, ఒక కొమ్మ అడిగి తెచ్చుకోండి.